బ్రిస్టల్ వీధుల్లో నడక: బొమ్మ కన్నా ముందు ఆ గోడ ఎవరిదో చూడాలి

ఇంగ్లండ్‌లో పడమటి వైపు ఉండే బ్రిస్టల్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామంది, తానెవరో బయటపడకుండా గోడల మీద బొమ్మలు వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆర్టిస్ట్ బ్యాంక్సీ పేరు పట్టుకునే వెళ్తారు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒక బొమ్మ, దాని ముందు ఒక ఫోటో, మళ్ళీ ఇంకో బొమ్మ, ఇంకో ఫోటో, సాయంత్రానికి లిస్టు పూర్తవుతుంది, ఊరు చూసేశాం అనుకుంటారు. అందులో తప్పేం లేదు గానీ అలా తిరిగితే అసలు విషయం చేతికి చిక్కదు. బ్రిస్టల్ గోడల మీద నలభై ఏళ్ళుగా ఒక పెద్ద తగువు నడుస్తోంది, గోడ ఎవరిది, దాని మీద ఎవరు వెయ్యచ్చు, ఎవరు తుడిచెయ్యచ్చు, తుడవకుండా కాపాడాల్సింది ఎవరు అని. ఆ తగువులో ఒక్కో వాదన ఒక్కో వీధిలో కనపడుతుంది. బస్సులోనో ట్యాక్సీలోనో వెళ్తే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్యలో ఉన్నది కనపడదు, ఆ మధ్యలో ఉన్నదే ఎక్కువ చెప్తుంది, అందుకే ఈ ఊరిని కాళ్ళతోనే చూడాలి. స్టోక్స్ క్రాఫ్ట్ నుంచి మొదలుపెట్టి సిటీ సెంటర్ మీదుగా హార్బర్ దాటి బెడ్‌మినిస్టర్ దాకా మొత్తం కలిపినా ఐదారు కిలోమీటర్లే, తీరిగ్గా ఆగుతూ నడిస్తే ఒక రోజు పని.

నడక మొదలుపెట్టేముందు ఒక కిటుకు తెలుసుకుంటే చాలు, ఊళ్ళో ఏ గోడైనా చదవచ్చు. రంగు ఎంత ఎత్తులో ఉందో చూడాలి. మనిషి నించుని చెయ్యి చాపితే అందేంత ఎత్తులో, ఒకే రంగులో, గబగబా రాసిన పేరు కనపడితే అది ట్యాగ్, సెకన్లలో అయిపోయే పని, ఎక్కువగా రాత్రిపూట రాసేది. అదే పేరు ఉబ్బెత్తు అక్షరాలతో రెండు రంగుల్లో ఉంటే త్రో-అప్, దానికి కొన్ని నిమిషాలు కావాలి. నీడలూ షేడ్లూ అంచులూ అన్నీ పెట్టి గంటల తరబడి వేసేది పీస్. ఇక నాలుగైదు అంతస్తుల ఎత్తున గోడంతా ఒకే బొమ్మ ఉందంటే అక్కడికి మనిషిని ఎత్తే లిఫ్టు బండి వచ్చింది, రోడ్డు మీద బారికేడ్లు పెట్టారు, బిల్డింగ్ ఓనర్ సరేనన్నాడు, ఎక్కడో ఒక కాగితం మీద సంతకం పడింది అని అర్థం. అంటే గోడ మీద ఎత్తు పెరిగేకొద్దీ పర్మిషన్ కూడా పెరుగుతుంది, కింద ఉన్నది దొంగచాటు, పైన ఉన్నది ఒప్పందం. చట్టం కూడా ఇక్కడే తేడా చూస్తుంది, బ్రిటన్‌లో 1971 నాటి క్రిమినల్ డ్యామేజ్ యాక్ట్ ప్రకారం ఓనర్‌కి చెప్పకుండా గోడ మీద వేస్తే నేరం, ఓనర్ ఒప్పుకుంటే కాదు. బొమ్మ బాగుందా బాలేదా అన్నది చట్టానికి అక్కర్లేదు. మన ఊళ్ళలో ఎలక్షన్లప్పుడు ఒక పార్టీ వాళ్ళు ముందే సున్నం కొట్టి గోడని బుక్ చేసుకున్నట్టు రాసుకుంటారు కదా, ఆ ఇంటాయన్ని అడిగారా లేదా అన్నది ఎవరూ పట్టించుకోరు, బ్రిస్టల్‌లో మాత్రం ఆ అడగడం అనే ఒక్కదాని చుట్టూనే కథంతా తిరిగింది.

కథ మొదలైంది మాత్రం టూరిస్టులు పెద్దగా వెళ్ళని బార్టన్ హిల్‌లో. ఊరికి తూర్పున ఉండే కార్మికుల పేట అది. 1980ల్లో అక్కడి యూత్ క్లబ్‌లో జాన్ నేషన్ అనే యూత్ వర్కర్, పిల్లలు క్లబ్ గోడల మీద స్ప్రే పెయింట్ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన హిప్‌హాప్ గాలి అప్పటికే ఊళ్ళో వీస్తోంది, తర్వాత మాసివ్ అటాక్ బ్యాండ్‌తో ప్రపంచానికి తెలిసిన రాబర్ట్ డెల్ నాయా అప్పట్లో త్రీడీ అనే పేరుతో గోడల మీద వేసేవాడు, 1985లోనే హార్బర్ పక్కన ఉన్న ఆర్నాల్ఫీని గ్యాలరీ గ్రాఫిటీ మీద, అంటే ఈ గోడ రాతలూ బొమ్మల మీద, ఎగ్జిబిషన్ పెట్టింది. అంటే ఒకపక్క గ్యాలరీ లోపలికి పిలిచింది, ఇంకోపక్క బయట పోలీసులు వెంటపడ్డారు. 1989లో ఆపరేషన్ ఆండర్సన్ పేరుతో పోలీసులు బ్రిస్టల్ గ్రాఫిటీ కుర్రాళ్ళ ఇళ్ళ మీద దాడులు చేసి పదుల సంఖ్యలో అరెస్టులు చేశారు, జాన్ నేషన్‌ని కూడా పట్టుకున్నారు గానీ ఆయన మీద కేసు నిలవలేదు. అరెస్టయిన వాళ్ళలో ఇంకీ అనే పేరుతో వేసే కుర్రాడు ఒకడు, పోలీసులు అతన్నే ముఖ్యుడిగా చూశారు. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి, నెల్సన్ స్ట్రీట్ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు నడక. సెంట్రల్ బస్‌స్టేషన్ దగ్గర్లో ఒక పెద్ద రౌండబౌట్ ఉంటుంది, దాని నుంచి ఉత్తరానికి వెళ్ళే రోడ్డే స్టోక్స్ క్రాఫ్ట్. రెండు వైపులా కేఫ్‌లు, పాత సామాన్ల షాపులు, బార్లు, ఖాళీ ఇంచ్ లేకుండా షట్టర్ల మీదా కరెంటు బాక్సుల మీదా తలుపుల మీదా రంగు. ఇక్కడ 2007 నుంచి పీపుల్స్ రిపబ్లిక్ ఆఫ్ స్టోక్స్ క్రాఫ్ట్ అని ఒక సంస్థ పనిచేస్తోంది, పేరు చూసి దేశం అనుకోకండి, క్రిస్ చాక్లీ అనే ఆయన మొదలుపెట్టిన స్థానికుల గుంపు అది, పాడుబడిపోయిన వీధిని సిటీ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వచ్చి బాగుచేసేదాకా కూర్చోకుండా రంగులతో మనమే మార్చుకుందాం అన్నది వాళ్ళ మాట. గోడలకి పర్మిషన్లు తెచ్చి ఆర్టిస్టులకి ఇవ్వడం, కొన్ని గోడల్ని ఎప్పటికప్పుడు మారే గ్యాలరీల్లా నడపడం లాంటివి చేశారు, వాళ్ళ వల్లే ఈ రోడ్డుకి ఈ రూపం వచ్చింది అంటే పెద్దగా ఎవరూ కాదనరు.

ఈ రోడ్డు మీదే ఒక బిల్డింగ్ పక్క గోడ మీద పైన, బ్యాంక్సీ 1999లో వేసిన ‘ద మైల్డ్ మైల్డ్ వెస్ట్’ ఉంది. తెల్లటి టెడ్డీ బేర్ ఒకటి చేతిలో పెట్రోల్ బాంబు పట్టుకుని విసరబోతోంది, ఎదురుగా డాళ్ళు పట్టుకున్న ముగ్గురు పోలీసులు. అప్పట్లో ఖాళీ గోడౌన్లలో కుర్రాళ్ళు పెట్టుకునే రేవ్ పార్టీల మీద పోలీసులు పడి కొట్టేవాళ్ళు, దానికి జవాబు ఇది. దగ్గరగా చూడాల్సిన సంగతి ఏంటంటే ఇందులో స్టెన్సిల్, అంటే ముందే బొమ్మ కోసి పెట్టుకున్న అట్ట, వాడలేదు. బేర్ ఒంటి అంచులు మెత్తగా, రంగు పొగలా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి, పోలీసుల హెల్మెట్ల గీతలు చేత్తో గీసినట్టు కొంచెం వంకరగా ఉంటాయి. పట్టపగలు కొన్ని రోజులు తీసుకుని వేసిన బొమ్మ కాబట్టి అది కుదిరింది. ఈ బొమ్మ చూశాక ఊళ్ళో మిగతా బ్యాంక్సీ బొమ్మలు చూస్తే తేడా వెంటనే పట్టుబడుతుంది, తర్వాతవన్నీ కత్తితో కోసినట్టు పదునైన అంచులు, నలుపూ తెలుపూ బూడిద రంగూ, ఎక్కడో ఒకచోట ఎరుపు. అట్ట మీద ముందే బొమ్మ కోసి తెచ్చుకుంటే గోడ దగ్గర చేసేది స్ప్రే కొట్టడమే, గంటల పని నిమిషాలకి వస్తుంది. పోలీసుల నుంచి తప్పించుకుని ఒక బండి కింద దాక్కున్నప్పుడు ఆ బండి మీద స్టెన్సిల్‌తో కొట్టిన అక్షరాలు చూసి ఈ ఆలోచన వచ్చిందని బ్యాంక్సీ తనే చెప్పుకున్నాడు. అంటే ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ స్టైల్ పుట్టింది అందం కోసం కాదు, దొరక్కుండా ఉండటం కోసం. చట్టం ఒక కళారూపాన్ని ఎలా మలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం, పర్మిషన్ ఈజీగా దొరికే ఊళ్ళో అయితే ఆ స్టైల్ అసలు పుట్టేదే కాదేమో.

స్టోక్స్ క్రాఫ్ట్ రంగులు చూసి ఇది సరదా వీధి అనుకుంటే పొరపాటే. 2011 ఏప్రిల్‌లో ఇక్కడ టెస్కో సూపర్‌మార్కెట్ తెరిచారు, స్థానికులు చాలా నెలలుగా వద్దని పోరాడుతున్నారు, ఆ గొడవ నడుస్తుండగానే టెస్కో ఎదురుగా ఉన్న ఒక బిల్డింగ్‌లో ఖాళీ చెయ్యకుండా ఉంటున్న వాళ్ళ మీద పోలీసులు దాడికి వచ్చారు, ఆ రాత్రి పెద్ద అల్లరి జరిగింది. బ్యాంక్సీ తర్వాత టెస్కో సరుకుల లేబుల్ వేసిన పెట్రోల్ బాంబు బొమ్మని పోస్టర్‌గా వేసి ఐదు పౌండ్లకి అమ్మించాడు, ఆ డబ్బులు అరెస్టయిన వాళ్ళ కోర్టు ఖర్చులకీ స్థానిక సంస్థకీ అని. 1999 టెడ్డీ బేర్ చేతిలో ఉన్నదే పన్నెండేళ్ళ తర్వాత అదే వీధి కథలోకి మళ్ళీ వచ్చింది. ఇంతకీ ఆ సూపర్‌మార్కెట్ మాత్రం తెరిచే ఉంది. ఇక్కడే ఇంకో ఇబ్బందికరమైన విషయం చెప్పుకోవాలి. రంగుల వల్ల వీధికి పేరొచ్చింది, పేరు వల్ల జనం వచ్చారు, జనం వల్ల అద్దెలు పెరిగాయి, దశాబ్దాల పాటు కూలిపోయే స్థితిలో వదిలేసిన క్యారేజ్‌వర్క్స్ అనే పంతొమ్మిదో శతాబ్దపు బిల్డింగ్ దగ్గర ఇప్పుడు కొత్త ఫ్లాట్లు వచ్చాయి, ఏళ్ళ తరబడి ఆర్టిస్టుల స్టూడియోలు నడిచిన హామిల్టన్ హౌస్ భవిష్యత్తు మీద పెద్ద గొడవే నడిచింది. గోడ మీద బొమ్మ వేసినవాడు ఆ గోడ పక్కన గది అద్దెకి తీసుకోలేని పరిస్థితి రావడం, ఇది బ్రిస్టల్‌కే కాదు బెర్లిన్‌కీ లిస్బన్‌కీ కూడా ఉన్న సమస్యే. అలాగని బొమ్మలు వెయ్యడం వల్లే అద్దెలు పెరిగాయి అనేస్తే అన్యాయం, ఇళ్ళ కొరత ఊరంతా ఉంది, బొమ్మలు లేని పేటల్లో కూడా అద్దెలు పెరిగాయి. కానీ ఫ్లాట్లు అమ్మేవాళ్ళ యాడ్‌లలో ఆ రంగుల గోడల ఫోటోలు వాడుకుంటున్నప్పుడు, ఆ గోడలకి రంగు వేసినవాళ్ళకి అందులో ఏం దక్కింది అని అడగడం న్యాయమే.

స్టోక్స్ క్రాఫ్ట్ నుంచి తూర్పుకి తిరిగితే సెయింట్ పాల్స్. టూర్ గ్రూపులు ఎక్కువగా ఇటు రాకుండా సెంటర్ వైపు వెళ్ళిపోతాయి, అది పెద్ద లోటు, ఎందుకంటే ఊరంతటిలో గోడ బొమ్మకి అసలైన బరువు ఉన్న చోటు ఇదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జమైకా, ఇంకా ఇతర కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడిన పేట. ఇక్కడి ఇళ్ళ పక్క గోడల మీద మిషెల్ కర్టిస్ అనే ఆర్టిస్ట్ మొదలుపెట్టిన ‘సెవెన్ సెయింట్స్ ఆఫ్ సెయింట్ పాల్స్’ ఉన్నాయి, 1968లో మొదలైన సెయింట్ పాల్స్ కార్నివాల్‌ని నిలబెట్టిన ఏడుగురి ముఖాలు, ఓవెన్ హెన్రీ, రాయ్ హాకెట్, ఆడ్లీ ఎవాన్స్, బార్బరా డెటరింగ్, క్లిఫర్డ్ డ్రమండ్, కార్మెన్ బెక్‌ఫర్డ్, డొలోరెస్ కాంప్‌బెల్. ఏడు గోడలూ ఒకేచోట ఉండవు, ఒక్కోటి ఒక్కో వీధి మలుపులో ఉంటుంది, కాబట్టి ఏడూ చూడాలంటే పేటంతా నడవాల్సిందే. అదే ఇందులో గొప్ప విషయం, ఒక్కో ముఖం కోసం వెళ్తూ వాళ్ళు బతికిన వీధుల్లోంచే వెళ్తాం.

ఈ ఏడుగురిలో కొందరి కథ మనకి కూడా తగులుతుంది. 1963 దాకా బ్రిస్టల్ బస్ కంపెనీ నల్లవాళ్ళనీ ఆసియా వాళ్ళనీ డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు, రాయ్ హాకెట్, ఓవెన్ హెన్రీ, వాళ్ళతో పాటు పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడు కలిసి బస్సులు ఎక్కడం మానేద్దాం అని ఊరికి పిలుపునిచ్చారు. నాలుగు నెలలు నడిచింది. ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది, వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి మాట్లాడింది కూడా సరిగ్గా అదే రోజు. సెప్టెంబర్‌లో ఆ కంపెనీలో మొదటి తెల్లవాడు కాని కండక్టర్‌గా చేరింది రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. 1965లో జాతి వివక్ష మీద బ్రిటన్ తెచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం వెనక ఈ ఉద్యమం కూడా ఒక కారణం అంటారు. ఇంత జరిగినా దశాబ్దాల పాటు ఊరి మధ్యలో విగ్రహం ఉన్నది బానిసల వ్యాపారం చేసినవాడికి, బస్సుల్లో హక్కు తెచ్చినవాళ్ళకి ముఖం దొరికింది మాత్రం ఇళ్ళ పక్క గోడల మీద, అదీ చాలా ఆలస్యంగా. గోడ మీద బొమ్మలు పోతూ ఉండాలి, కొత్తవి వస్తూ ఉండాలి అన్నది స్ట్రీట్ ఆర్ట్‌లో అందరూ చెప్పే మాట, మిగతా చోట్ల అది నిజమే, కానీ ఈ ఏడు గోడల విషయంలో ఆ మాట చెల్లదు. ఇవి పోతే వీటి స్థానంలో ఇంకో బొమ్మ వస్తే సరిపోదు, వీటిని కాపాడి తీరాలి.

సెయింట్ పాల్స్ నుంచి వెనక్కి సెంటర్ వైపు నడిస్తే నెల్సన్ స్ట్రీట్ వస్తుంది. అరవైల్లో డెబ్భైల్లో కట్టిన కాంక్రీట్ ఆఫీసు బిల్డింగ్‌లు, పైన నడవడానికి కట్టి ఎవరూ నడవని బ్రిడ్జిలు, ఊళ్ళో అందరూ మొహం తిప్పుకుని పోయే వీధి. 2011 ఆగస్టులో ‘సీ నో ఈవిల్’ అని ఇక్కడ ఒక పని చేశారు, వీధి మూసేసి లోకల్ ఆర్టిస్టులతో పాటు బయటి దేశాల నుంచి కూడా పిలిపించి బిల్డింగ్‌లకి బిల్డింగ్‌లే ఇచ్చేశారు. కౌన్సిల్ మద్దతు ఉంది. ఆర్టిస్టుల్ని కూడగట్టింది ఎవరనుకున్నారు, 1989లో పోలీసులు ముఖ్యుడంటూ పట్టుకెళ్ళిన ఇంకీ. ఈ వీధి పక్కనే బ్రైడ్‌వెల్ పాత పోలీస్ స్టేషన్. ఇరవై రెండేళ్ళలో అదే మనిషి, అదే స్ప్రే డబ్బా, అదే ఊరు, మారింది కాగితం ఒక్కటే. నిక్ వాకర్ ఒక ఎత్తైన బిల్డింగ్ మీద బౌలర్ హ్యాట్ పెట్టుకుని సూట్ వేసుకున్న పెద్దమనిషి బకెట్లోంచి రంగు ఒలకబోస్తున్నట్టు వేశాడు, ఆ రంగు అంతస్తులు దాటుకుంటూ కిందికి కారుతుంది. అమెరికన్ ఆర్టిస్ట్ ఎల్ మాక్ ఒక తల్లీబిడ్డని వేశాడు, దగ్గరికి వెళ్తే ముఖం అంతా అలలు అలలుగా సన్న గీతలే, వెనక్కి రోడ్డు అవతలికి వెళ్తే ఆ గీతలన్నీ కలిసి చర్మంలా కనపడతాయి, ఒకే బొమ్మని రెండు దూరాల నుంచి చూడటం ఎందుకో అర్థం కావాలంటే దాని ముందు అటూ ఇటూ నడవాలి. 2012లో లండన్ ఒలింపిక్స్ ఏడాది మళ్ళీ చేశారు. తర్వాత ఈ వీధిలో బిల్డింగ్‌లు స్టూడెంట్ ఫ్లాట్లుగా మారడం, రిపేర్లు, కొత్త కట్టడాలు వచ్చి కొన్ని బొమ్మలు పోయాయి. అంటే పర్మిషన్ ఉన్నంత మాత్రాన బొమ్మకి ఆయుష్షు ఉంటుందని లేదు, ఓనర్ ఇచ్చిన గోడని ఓనరే వెనక్కి తీసుకుంటాడు.

అక్కడి నుంచి కాసేపు నడిస్తే కాలేజ్ గ్రీన్, పక్కన పైకి ఎక్కే పార్క్ స్ట్రీట్. పార్క్ స్ట్రీట్ మొదట్లో చిన్న బ్రిడ్జి ఉంటుంది, రోడ్డు మీద నడిచేవాళ్ళకి అది బ్రిడ్జి అని కూడా తెలియదు, కిందనుంచి ఫ్రాగ్‌మోర్ స్ట్రీట్ వెళ్తుంది. ఆ బ్రిడ్జి గోడ దగ్గర నించుని చూస్తే ఎదురుగా 2006లో బ్యాంక్సీ వేసిన కిటికీ బొమ్మ. సూట్ వేసుకున్న భర్త కిటికీలోంచి దూరంగా ఎవరికోసమో వెతుకుతున్నాడు, వెనక లోదుస్తుల్లో భార్య, కిటికీ అంచుకి ఒక్క చేత్తో వేలాడుతూ బట్టల్లేని ప్రియుడు. అప్పట్లో ఆ బిల్డింగ్‌లో ఉన్నది యువతకి లైంగిక ఆరోగ్యం మీద సలహాలిచ్చే క్లినిక్, చోటు చూసి మరీ వేశాడన్నమాట. కౌన్సిల్ ఆఫీసుకి కూతవేటు దూరం కూడా. రూల్ ప్రకారం తుడిచెయ్యాలి, కానీ అప్పటికి బ్యాంక్సీ పేరు పెద్దదైపోయింది, దాంతో కౌన్సిల్ ఆన్‌లైన్‌లో జనాన్ని అడిగింది, ఉంచాలా తియ్యాలా అని. ఓటేసిన వాళ్ళలో 97 శాతం ఉంచమన్నారు. ఈ తగువులో ఇదే పెద్ద మలుపు. అప్పటిదాకా గోడకి ఇద్దరే, ఓనరూ పోలీసూ, ఇప్పుడు మూడోవాళ్ళు వచ్చారు, చూసేవాళ్ళు. దొంగచాటుగా వేసిన బొమ్మకి జనం ఓటు వెనకనుంచి వచ్చి పర్మిషన్ ఇచ్చింది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది, పేరున్నవాడి బొమ్మకి ఓటింగ్ పెట్టారు గానీ పేరులేని కుర్రాడి బొమ్మ తుడిచేసేముందు ఎవరు ఓటింగ్ పెడతారు? 2009లో ఎవరో ఈ బొమ్మ మీద నీలి రంగు పెయింట్‌బాల్స్ కొట్టారు, ఆ మచ్చలు దాని మీద అలాగే కొన్నేళ్ళు ఉండిపోయాయి.

కాలేజ్ గ్రీన్ దగ్గర ఇంకో నిమిషం ఆగచ్చు. అక్కడ 1997లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ విగ్రహం ఉంది. 1833 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూసింది ఈ ఊళ్ళోనే, సమాధి ఆర్నోస్ వేల్ స్మశానంలో ఉంది. బ్రహ్మసమాజం దారిలో నడిచి రాజమండ్రిలో వితంతు వివాహాలు జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు గారి గురించి చిన్నప్పటి నుంచి చదువుకున్న తెలుగువాళ్ళు ఆ విగ్రహం ముందు ఊరికే దాటిపోలేరు.

ఇక సెంటర్‌లో ఖాళీ పీఠం. 1895 నుంచి ఇక్కడ ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహం ఉండేది, బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెద్ద పదవిలో ఉన్నవాడు, అతను ఆ కంపెనీలో ఉన్న కాలంలో 80 వేలకి పైగా ఆఫ్రికన్లని ఓడల్లో తరలించారు, వాళ్ళలో సుమారు 19 వేల మంది దారిలోనే చనిపోయారు. ఆ డబ్బుతో ఊళ్ళో స్కూళ్ళూ ధర్మసత్రాలూ కట్టించాడని దాత అన్నారు. 2020 జూన్ 7న బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ప్రదర్శనలో జనం తాళ్ళు కట్టి విగ్రహాన్ని లాగేసి, దొర్లించుకుంటూ తీసుకెళ్ళి పీరోస్ బ్రిడ్జి దగ్గర హార్బర్ నీళ్ళలో పడేశారు. ఆ బ్రిడ్జికి పేరు పెట్టింది పీరో అనే బానిస పేరునే. పీఠం నుంచి బ్రిడ్జి దాకా నడిచి చూస్తే గానీ ఆ రోజు ఎంత దూరం దొర్లించారో తెలియదు. తర్వాత విగ్రహాన్ని నీళ్ళలోంచి తీసి ఎం షెడ్ అనే మ్యూజియంలో పెట్టారు, నిలబెట్టలేదు, పడుకోబెట్టారు, దాని మీద జనం కొట్టిన ఎరుపూ నీలం స్ప్రే పెయింట్ అలాగే ఉంది. ఉంది అంటే వదిలేశారని కాదు, బురద కడిగేటప్పుడు ఆ రంగు పోకుండా మ్యూజియం నిపుణులు జాగ్రత్త తీసుకుని నిలబెట్టారు. ఒకప్పుడు ఈ ఊళ్ళో గ్రాఫిటీని తుడవడానికి జీతాలిచ్చారు, ఇప్పుడు గ్రాఫిటీ పోకుండా చూడటానికి జీతాలిస్తున్నారు. విగ్రహం పడగొట్టిన కేసులో నలుగురిని 2022 జనవరిలో కోర్టు నిర్దోషులంది.

అదే ఎం షెడ్‌లో ఇంకో వస్తువు కూడా ఉంది, థెక్లా అనే ఓడ నుంచి కోసి తీసిన ఇనప రేకు. థెక్లా హార్బర్‌లో కట్టేసి ఉండే ఓడ, లోపల మ్యూజిక్ క్లబ్. నీటి అంచున ఓడ పక్కన బ్యాంక్సీ తన పేరు వేస్తే హార్బర్ అధికారులు తుడిచేశారు, తర్వాత అదే చోట పడవ నడుపుతున్న మృత్యువు బొమ్మ వచ్చింది. పదేళ్ళ పాటు నీళ్ళు తగిలి తుప్పు పట్టి పోతుంటే 2014లో ఆ ముక్క కోసేసి లోపలికి తెచ్చారు. మ్యూజియంలో అది బాగానే కనపడుతుంది గానీ నీళ్ళు లేవు, నీటి మీద పడవ నడిపేలా వేసిన బొమ్మకి నీళ్ళు తీసేస్తే మిగిలేది సగమే.

హార్బర్ గట్టున అలాగే పడమటికి, పాత సరుకు రైలు పట్టాల పక్కనుంచి నడుస్తూ ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ ఓడ దాటితే ఆల్బియన్ డాక్‌యార్డ్ దగ్గర ఒక సందు. అక్కడ 2014లో వచ్చిన బ్యాంక్సీ ముత్యపు పోగు అమ్మాయి, డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మే గానీ చెవికి ముత్యం బదులు గోడకి బిగించి ఉన్న పసుపు రంగు అలారం పెట్టె. గోడ మీద ముందే ఉన్న వస్తువు చుట్టూ బొమ్మ కట్టడం అంటే ఇదే, దీన్ని ఊడదీసి గ్యాలరీలో పెట్టడం కుదరదు, పెట్టె తీసేస్తే పోగు లేదు. వచ్చిన కొద్ది రోజుల్లోనే ఎవరో నల్ల రంగు చల్లారు, 2020లో కోవిడ్ టైంలో ఎవరో మాస్క్ తగిలించారు. అదే 2014లో ఇంకో బొమ్మ, కౌగిలించుకుని ఒకరి భుజం మీంచి ఒకరు ఫోన్ చూసుకుంటున్న జంట, ఒక పాత బాయ్స్ క్లబ్ దగ్గర తలుపుకి కొట్టిన చెక్క మీద వచ్చింది. క్లబ్ వాళ్ళు చెక్క ఊడదీసుకుని నిధుల కోసం వాడుకుంటాం అన్నారు, కౌన్సిల్ మాది అంది, కొన్నాళ్ళు మ్యూజియంలో ఉంది, చివరికి బ్యాంక్సీనే క్లబ్ వాళ్ళకి ఉత్తరం రాసి మీరే ఉంచుకోండి అన్నాడు, అది 4,03,000 పౌండ్లకి అమ్ముడుపోయి మూతపడబోతున్న క్లబ్ నిలబడింది. బొమ్మ వీధిలోంచి పోవడం బాధే, కానీ ఆ పేట పిల్లలకి క్లబ్ మిగిలింది, ఇక్కడ అమ్మడమే సరైన పని.

న్యూ కట్ అనే కాలువ మీద ఫుట్‌బ్రిడ్జి దాటితే సౌత్‌విల్, బెడ్‌మినిస్టర్. ఒకప్పుడు బొగ్గు గనులు, ఆ తర్వాత విల్స్ కంపెనీ సిగరెట్ ఫ్యాక్టరీలు, ఇప్పుడు నార్త్ స్ట్రీట్ అంతా బొమ్మలు. మిగిలిన ఒక ఫ్యాక్టరీ బిల్డింగ్‌ని కూల్చకుండా కొని థియేటర్‌గా, కేఫ్‌గా మార్చింది జార్జ్ ఫెర్గసన్ అనే ఆర్కిటెక్ట్, ఆయనే 2012లో బ్రిస్టల్‌కి నేరుగా ఎన్నికైన మొదటి మేయర్ అయ్యాడు. ఈ టొబాకో ఫ్యాక్టరీ గోడ మీదే 2019లో జోడీ థామస్ అనే ఆర్టిస్ట్, వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బర్గ్‌ని పదిహేను మీటర్ల ఎత్తున వేశాడు, ముఖం కింది సగం కరుగుతున్న మంచులా. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి అది కనపడదు, ఆ గోడ మీదికి వేరే బొమ్మలు వచ్చేశాయి, ఈ పేట పద్ధతే అది. 2008లో ఇక్కడ అప్‌ఫెస్ట్ మొదలైంది, తర్వాత యూరప్‌లోనే పెద్ద స్ట్రీట్ ఆర్ట్ పండగల్లో ఒకటైంది, వందల మంది ఆర్టిస్టులు వస్తారు, చూడటానికి టికెట్ లేదు. ఇక్కడ గోడలు ఇచ్చేది కౌన్సిల్ కాదు, మందుల షాపు, మంగలి షాపు, పబ్, ఇళ్ళవాళ్ళు. నెల్సన్ స్ట్రీట్‌లో ఆఫీసు బిల్డింగ్ ఓనర్ ఎక్కడో ఉంటాడు, ఇక్కడ గోడ ఇచ్చిన మనిషి ఆ గోడ వెనకే కూర్చుని కూరగాయలు అమ్ముతుంటాడు, ఆ బొమ్మ ఎవరు వేశారు, అంతకుముందు ఏం ఉండేది అని అడిగితే చెప్తాడు. స్టోక్స్ క్రాఫ్ట్‌లో ఉన్న కోపం ఇక్కడ లేదు, కొందరికి అది నచ్చదు, మరీ అందంగా ఉంది, పదును పోయింది అంటారు. పదును తగ్గింది నిజమే గానీ, పొద్దున పాలు కొనడానికి వచ్చేవాళ్ళ దారిలో మంచి బొమ్మ ఉండటానికి కోపం ఉండి తీరాలని ఏం లేదు.

నార్త్ స్ట్రీట్‌కి టైం చూసుకుని వెళ్ళాలి. ఇక్కడి మంచి బొమ్మల్లో చాలా షట్టర్ల మీదే ఉన్నాయి, షాపు తెరవగానే బొమ్మ పైకి చుట్టుకుపోతుంది, మధ్యాహ్నం వెళ్ళినవాళ్ళకి పెద్ద గోడలు తప్ప ఏమీ కనపడవు. పొద్దున్నే షాపులు తియ్యకముందు గానీ, ఆదివారం సాయంత్రం కట్టేశాక గానీ వెళ్తే వీధి మొత్తం దొరుకుతుంది, అందుకని ఈ నడకని స్టోక్స్ క్రాఫ్ట్ నుంచి మొదలుపెట్టి ఇక్కడికి సాయంత్రానికి చేరేలా పెట్టుకోవడమే మేలు, మే చివరి నుంచి జులై దాకా అయితే రాత్రి తొమ్మిదింటి వరకూ వెలుతురు ఉంటుంది.